పిడికెడు బియ్యం నుంచి మంచం పక్కకి: స్త్రీల సమాజం ఇంటి సేవ నడిపే పద్ధతి

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో గానీ, పాలకొండ వైపు గానీ, మంచం పట్టిన మనిషిని చూడటానికి వచ్చేవాళ్లకి కొదవుండదు. అరడజను అరటిపళ్లో, రెండు కొబ్బరిబొండాలో పట్టుకొస్తారు. పది నిమిషాలు కూర్చుంటారు. ప్రార్థన చేసి వెళ్తారు. తడిసిన పక్క మార్చడం, పక్కకి తిప్పడం, గంజి తాగించడం మళ్లీ ఆ ఇంటి కోడలి మీదో కూతురి మీదో పడతాయి. యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు ఏడుస్తూ పేతురుకి చూపించినవి ఆమె కుట్టిన బట్టలు (అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయం). చేతికి అందే పని అంటే అదీ. ఈ మార్గదర్శి ఆ పని గురించే: క్రైస్తవ సంఘంలోని స్త్రీల సమాజం డబ్బు పెద్దగా లేకుండానే, మంచం పట్టినవాళ్ల ఇళ్లకీ డయాలసిస్ రోగుల ఇళ్లకీ వారం వారం వెళ్లి సేవ చేయడం ఎలా అన్నది.

ముందు మనుషుల లెక్క

సమాజం రిజిస్టర్లో 30 పేర్లుంటాయి. శుక్రవారం కూడికకి క్రమంగా వచ్చేది 12 మంది. లెక్క ఆ 12 మందితోనే వేసుకోండి. ఇద్దరేసి చొప్పున 6 జతలు. మొదటి 3 నెలలు జతకి ఒక్క ఇల్లే. వారానికి 2 సార్లు, వెళ్లినప్పుడల్లా ఒక గంట. 6 ఇళ్లు చాలా తక్కువ అనిపిస్తుంది గానీ, ఆర్భాటంగా 20 ఇళ్లతో మొదలుపెట్టిన సేవలు క్రిస్మస్ దాటేసరికి ఆగిపోతాయి. వస్తామని చెప్పి రాకపోతే ఆ ఇంట్లో రెండోసారి తలుపు తీయరు.

ఒంటరిగా ఎవరినీ పంపొద్దు. మనిషిని పక్కకి తిప్పడానికి రెండు జతల చేతులు కావాలి, ఏదైనా వస్తువు కనిపించకపోతే మాట పడకుండా సాక్ష్యమూ ఉంటుంది. అత్తాకోడళ్లని మాత్రం ఒక జతగా వేయకండి. ఆ ఇంట్లో పెళ్లో జ్వరమో వస్తే ఇద్దరూ ఒకేసారి మానేస్తారు.

వేళలు ఊరి పనిని బట్టి పెట్టుకోవాలి. ఉబాల (వరి నాట్ల) రోజుల్లో, మార్చి నుంచి మే దాకా జీడి పని జోరుగా ఉన్నప్పుడు పొద్దున పూట ఎవరూ దొరకరు. అప్పుడు సందెవేళకి మార్చుకోండి. జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ల చేతులకి పిక్క పెంకులోని నూనె తగిలి తోలు నల్లబడి, పగిలి ఉంటుంది. ఆ చేతులతో ముసలివాళ్ల పల్చటి చర్మం రుద్దితే గీరుకుపోతుంది. అలాంటివాళ్లు గ్లవ్స్ వేసుకోవాలి, లేదా వంట, బట్టలు, మందుల చీటీ పనులు తీసుకోవాలి.

ఏ ఇళ్లకి వెళ్లాలో మీరే కూర్చుని తేల్చకండి. ఆశా కార్యకర్తనీ ఏఎన్‌ఎంనీ అడగండి. వాళ్లకి ఏ వీధిలో ఎవరు మంచం మీద ఉన్నారో తెలుసు. సంఘస్తుల ఇళ్లే అని గిరి గీయకండి. చూడాల్సింది ఒక్కటే: ఆ రోగిని చూసుకునే మనిషి ఒక్కరే ఉన్నారా, అసలు ఎవరూ లేరా?

పిడికెడు బియ్యం

అన్నం వండే ముందు ఒక పిడికెడు బియ్యం పక్కన పెట్టి, ఆదివారం గుడికి (చర్చికి) తేవడం మన సంఘాల్లో పాత అలవాటే. లెక్క కడితే అదే పెద్ద ఆధారం. పిడికెడు 40 గ్రాములు. 25 ఇళ్లు రోజుకి ఒక పిడికెడు వేస్తే రోజుకి 1 కిలో, నెలకి 30 కిలోలు. కొందరు మర్చిపోతారు, కొందరు ఊరెళ్తారు. అందుకని 20 కిలోలే వస్తాయని ప్రణాళిక వేసుకోండి. 6 ఇళ్లకి 3 కిలోల చొప్పున 18 పోతే మిగిలే 2 కిలోలు గంజికి.

ఇక్కడ వచ్చే చిక్కు కలగలుపు బియ్యం. సన్నబియ్యం, కోటా బియ్యం, పాతవి, కొత్తవి ఒకే డ్రమ్ములో పోస్తే అన్నం సగం పలుకుగా, సగం ముద్దగా దిగుతుంది. తీసుకున్నవాళ్లు పైకి అనరు, కోళ్లకి వేస్తారు. రెండు డ్రమ్ములు పెట్టండి: ఒకే రకం సన్నబియ్యం ఒకదాంట్లో, మిగతావన్నీ రెండోదాంట్లో. ఈ రెండోదాన్ని మరపట్టించి నూక చేస్తే జావకి, ఉప్మాకి పనికొస్తుంది. కోటా బియ్యం కలిసిన వాటిని అమ్మి సొమ్ము చేయాలని చూడకండి, అది కేసయ్యే పని.

డ్రమ్ములో పోసే ముందు బియ్యాన్ని నీడన ఆరబెట్టండి. ఎర్రటి ఎండలో పోస్తే గింజ పగిలి నూకవుతుంది. పురుగు పట్టకుండా ఎండిన వేపాకు పల్చటి గుడ్డలో మూట కట్టి వేస్తే చాలు. గోదాముల్లో ధాన్యానికి పెట్టే బిళ్లలు ఇంట్లోకి గానీ గుడి గదిలోకి గానీ రానివ్వకండి. వాటి నుంచి వచ్చే గాలి మనుషుల్ని చంపుతుంది.

సంచి, బొంత, వెనక చీలిక నైటీ

జతకి ఒక సంచి. అందులో: సబ్బు 1, చేతులు తుడుచుకునే తువ్వాలు 1, మెత్తటి పాత నూలు గుడ్డలు 8 (ముఖానికి 2, ఒంటికి 4, మర్మస్థానాలకి 2, ఈ చివరి రెండూ వేరే రంగువి ఉండాలి), గ్లవ్స్ 4 జతలు, గోళ్ల కత్తెర, దువ్వెన, కొబ్బరి నూనె చిన్న సీసా, థర్మామీటర్, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు 2, పుస్తకం, పెన్ను. మందు బిళ్లలు ఉండకూడదు. ముఖ్యంగా ఒళ్లునొప్పుల బిళ్లలు ఎవరు అడిగినా ఇవ్వొద్దు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి దెబ్బతిన్న కిడ్నీని ఇంకా దెబ్బతీస్తాయి.

కుట్టుమిషను ఉన్నవాళ్లు ఇంట్లో కూర్చునే చేయగల పని ఇంకోటుంది. ఐదున్నర మీటర్ల పాత నూలు చీరని అడ్డంగా 4 ముక్కలు చేయండి. ఒక్కోటి మీటరూ 35 సెంటీమీటర్ల పైన వస్తుంది. దాన్ని రెండు మడతలు వేసి అంచులు కుట్టండి. దీన్ని భుజాల నుంచి తొడల దాకా వచ్చేలా రోగి కింద పరుస్తారు. ఇద్దరు చెరోవైపు దాని అంచులు పట్టి ఎత్తితే మనిషి తేలిగ్గా జరుగుతాడు. చంకల్లో చేతులు పెట్టి పైకి ఈడిస్తే పిరుదుల దగ్గర తోలు లేచిపోతుంది. పుండు సగం అలాగే మొదలవుతుంది. ఇంటికి 3 ముక్కలు కావాలి: ఒకటి కింద, ఒకటి ఉతుకులో, ఒకటి ఆరుతూ.

ఆడవాళ్లకి వదులైన నూలు నైటీ తీసుకుని, వెనక మెడ నుంచి కింది అంచు దాకా నిలువునా కత్తిరించి, రెండు అంచులూ మడిచి కుట్టండి. మెడ దగ్గర ఒకటి, భుజాల కింద ఒకటి నాడాలు పెట్టండి. ముడి వెన్నెముక మీద పడకుండా నాడాని పక్కకి కుట్టాలి. నడుము కింద నాడా వద్దు, పడుకున్నప్పుడు ఆ ముడే గుచ్చుకుంటుంది. ముందు నుంచి చేతులు తొడిగి వెనక కట్టేస్తే, మనిషిని లేపకుండానే బట్ట మార్చొచ్చు. దొర్కా పేరు పెట్టుకున్న సమాజాలు చాలా ఉన్నాయి, కనీసం అవైనా ఇది నేర్చుకోవాలి.

మంచం కూడా చూడండి. నులక, నవారు జారిపోయి మధ్యలో గుంట పడితే బరువంతా నడుము కింది ఎముక మీదే పడుతుంది. ముందు నులక బిగించి, మందపాటి బొంత పరవండి. ప్లాస్టిక్ షీటు వేయక తప్పకపోతే దాని మీద నూలు గుడ్డ తప్పనిసరి. ఒట్టి ప్లాస్టిక్ మీద ఒళ్లు చెమటకి నానిపోతుంది.

ఇంట్లో ఆ గంట

గడప దగ్గరే అడగండి: "ఏటి మామ్మా, ఎలగున్నావు? ఒళ్లు తుడవమంటావా ఈపూట?" వద్దంటే బలవంతం చేయొద్దు. ఆ రోజు తల దువ్వి, గోళ్లు తీసి రండి. మగ రోగి అయితే ఒళ్లు తుడిచే పని ఇంటి మగవాళ్లకి చేసి చూపించండి, లేదా సంఘ పెద్దల్లో ఒకరిని తోడు తీసుకెళ్లండి.

చేతులు సబ్బుతో 20 సెకన్లు కడుక్కోవాలి. ఫ్యాను ఆపి, తలుపు దగ్గరగా వేయండి. రెండు గిన్నెల్లో గోరువెచ్చటి నీళ్లు, ఒకటి సబ్బుకి, ఒకటి తుడవడానికి. వేడి మోచేత్తో చూడండి. పని చేసే అరచేతికి వేడి సరిగా తెలీదు. ముందు కళ్లు, సబ్బు లేకుండా, ముక్కు వైపు నుంచి చెవి వైపుకి. తర్వాత ముఖం, మెడ, చేతులు, ఛాతీ, పొట్ట, కాళ్లు. ఎక్కడ తుడుస్తున్నారో అక్కడే బట్ట తీయండి, మిగతా ఒళ్లు దుప్పటితో కప్పే ఉంచండి. నీళ్లు మార్చి వీపు. చివర వేరే గుడ్డతో మర్మస్థానాలు. ఆడవాళ్లకి ఎప్పుడూ ముందు నుంచి వెనక్కే తుడవాలి, తిరగేస్తే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తుంది. రొమ్ముల కింద, గజ్జల్లో అద్ది ఆరబెట్టండి. పౌడరు చల్లకండి. చెమటకి ముద్దకట్టి, అదే ఒరుసుకుంటుంది.

గంజి తాగించేటప్పుడు తల కింద ఒక్క దిండు పెడితే చాలదు, మనిషిని ఆనించి కూర్చోబెట్టాలి. పక్షవాతం వచ్చినవాళ్లకి పల్చటి నీళ్లకన్నా చిక్కటి జావ సులువు. నీళ్లు చటుక్కున ఊపిరితిత్తుల దారి పడతాయి. చిన్న చెంచాతో, మింగినట్టు గొంతు కదిలాకే రెండో చెంచా. దగ్గు వచ్చినా గొంతు గరగరలాడినా ఆపేయండి. తిన్నాక అరగంట పడుకోబెట్టకూడదు. మీ ప్రార్థన, కబుర్లు ఆ అరగంటలో పెట్టుకుంటే సమయం కలిసొస్తుంది.

మూత్రం గొట్టం ఉన్న ఇళ్లలో సంచి ఎప్పుడూ పొట్టకంటే కిందే ఉండాలి, కానీ నేలకి తగలకూడదు. పక్కకి తిప్పేటప్పుడు సంచిని మనిషి మీదుగా ఎత్తి అటు వేయడం అందరూ చేసే తప్పు. పాత మూత్రం వెనక్కి పోతుంది. గొట్టంలోంచి 4 గంటలుగా చుక్క రాకపోతే ఏఎన్‌ఎంకి ఫోన్ చేయండి. మీరు పీకడం, పెట్టడం చేయొద్దు.

పడక పుండు

చూడాల్సిన చోట్లు: నడుము కింది ఎముక, తుంటి, మడమలు, చీలమండలు, భుజం రెక్కలు, మోచేతులు, తల వెనక, చెవులు. ఎర్రబడిన చోట వేలితో నొక్కి తీయండి. తెల్లబడి మళ్లీ ఎరుపెక్కితే పుండు ఇంకా మొదలుకాలేదు. నొక్కినా రంగు మారకపోతే పుండు లోపల మొదలైంది. మన నల్లటి ఒంట్లో ఎరుపు కనిపించదు. చుట్టుపక్కలకన్నా ముదురు రంగు, వేడి, గట్టిదనం చూసి పసిగట్టాలి.

మందు ఒకటే: బరువు తీయడం. 2 గంటలకోసారి కుడి, వెల్లకిలా, ఎడమ. పూర్తిగా పక్కకి పడుకోబెడితే తుంటి మీద పుండు లేస్తుంది. వీపు వెనక దిండు పెట్టి కొద్దిగా ఒరిగించాలి. పిక్కల కింద దిండు పెట్టి మడమలు గాల్లో ఉండేలా చూడండి. ఇంట్లోవాళ్లకి గడియారం గుర్తుండదు కాబట్టి గోడ మీద సుద్దతో రాయండి: 6 కుడి, 8 వెల్లకిలా, 10 ఎడమ. రాత్రి మీరు ఉండరు, ఆ గోడే ఉంటుంది.

ఊళ్లో నడిచే చిట్కాల్లో మూడు చెడ్డవి. సైకిల్ ట్యూబుని చుట్ట చుట్టి కూర్చోబెట్టడం: రింగు చుట్టూ ఒత్తిడి పడి మధ్యకి రక్తం అందదు. ఎర్రబడిన చోట నూనె రాసి గట్టిగా మర్దన చేయడం: లోపల నలిగిన కండ ఇంకా నలుగుతుంది. పుండులో పసుపు, బూడిద, పౌడరు నింపడం: అడుగున ఏం జరుగుతుందో నర్సుకి కూడా కనపడదు. తోలు లేచిన చిన్న పుండుని అర లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో తలగొట్టి కొలిచిన ఒక చిన్న చెంచా ఉప్పు కలిపి కడిగి, శుభ్రమైన గుడ్డతో కప్పండి. వాసన వస్తున్నా, నల్లటి తోలు కనిపిస్తున్నా, ఎముక తగులుతున్నా, జ్వరం ఉన్నా మీ చేతిలో పని కాదు, ఆసుపత్రికి.

డయాలసిస్ ఇళ్లు

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఈ ఇళ్లే ఎక్కువ. ఉద్దానం కిడ్నీ జబ్బుకి ఇదీ కారణం అని ఇప్పటికీ తేల్చి చెప్పలేదు. అందుకని నీళ్ల వల్ల, తిండి వల్ల, పాపం వల్ల అని మీరు తీర్పులివ్వకండి. అంటుకునే జబ్బూ కాదు, ఆ ఇంట్లో భోజనం చేయొచ్చు.

ఇక మొదట్లో చెప్పిన కొబ్బరిబొండాలు, అరటిపళ్లు. కొబ్బరిచెట్ల నడుమ ఉండే మనకి బొండం ఇవ్వడమే మర్యాద. డయాలసిస్ రోగికి అది ప్రమాదం. పాడైన కిడ్నీ పొటాషియాన్ని బయటికి పంపలేదు, అది రక్తంలో పెరిగితే గుండె ఆగిపోవచ్చు. బొండం నీళ్లు, అరటి, బత్తాయి, ఖర్జూరం, ఎండు ద్రాక్ష వద్దు. తక్కువ సోడియం అని అమ్మే ఉప్పూ వద్దు, అందులో ఉండేదే పొటాషియం. ఓఆర్‌ఎస్ కూడా డాక్టరు చెబితేనే. ఏదో ఒకటి తీసుకెళ్లాలనిపిస్తే రెండు ఆపిల్స్ చాలు, పూటకి సగం ముక్క చొప్పున. చోడి (రాగి) అంబలి కూడా డాక్టరుని అడిగాకే. కూరగాయలు తొక్క తీసి, చిన్న ముక్కలు కోసి, గోరువెచ్చటి నీళ్లలో రెండు గంటలు నానబెట్టి ఆ నీళ్లు పారబోసి, మళ్లీ ఎక్కువ నీళ్లలో ఉడికించి వార్చేయాలి. రుచి తగ్గుతుంది, నిమ్మరసం కొన్ని చుక్కలు, మిరియాలు సాయం చేస్తాయి.

నీళ్ల కొలత డాక్టరు చెబుతారు. పొద్దున్నే ఆ కొలత ఒక సీసాలో పోసి పెట్టండి. టీ, మజ్జిగ, చారు, గంజి ఏది తాగినా అంత నీరు సీసాలోంచి పారబోయాలి. సీసా ఖాళీ అయితే ఆ రోజుకి అంతే. వట్టి మాటల్లో చెబితే ఎవరూ పాటించలేరు, కళ్లముందు సీసా ఉంటే పాటిస్తారు.

ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్‌తో రక్తనాళాలు కలిపిన చోటు) చేసిన చేతికి బీపీ పట్టా కట్టకూడదు, సూది వేయకూడదు, బిగుతు గాజులు వద్దు, ఆ చేత్తో బిందె ఎత్తకూడదు. రోజూ ఆ చోట వేళ్లు ఆనిస్తే సుర్రుమని అదురు తెలుస్తుంది. అదురు తెలియకపోతే ఆ రోజే డయాలసిస్ కేంద్రానికి వెళ్లాలి. రక్తం కారితే వేలితో గట్టిగా నొక్కి పట్టుకుని 108 పిలవండి. పడుకుంటే ఊపిరి ఆడటం లేదు, కూర్చుంటేనే బాగుంది అంటే నీరు ఊపిరితిత్తుల్లో చేరిందని అనుమానించాలి, తెల్లారేదాకా ఆగొద్దు.

డయాలసిస్ వారానికి 2, 3 సార్లు, పూటకి 4 గంటలు. రోగికన్నా తోడు వెళ్లే మనిషి ముందు కుదేలవుతారు. మీ జతలో ఒకరు నెలకి రెండుసార్లు తోడు వెళ్తే ఆ ఇంటి మనిషికి రెండు రోజుల కూలి దక్కుతుంది. ఇది వంద ప్రార్థన చీటీలకన్నా మేలు.

కాగితాలు

ఆధార్, రేషన్ కార్డు, ఆసుపత్రి కాగితాలు జిరాక్స్ తీయించి, పాలిథిన్ కవర్లో పెట్టి గోడకి తగిలించండి. డయాలసిస్ రోగులకి నెలకి 10,000 రూపాయల పింఛను ఉంది, వృద్ధాప్య, వితంతు పింఛను 4,000. చాలామందికి ఆగిపోయేది పేరులో అక్షరం తేడా దగ్గర, వేలిముద్ర పడకపోవడం దగ్గర. గ్రామ సచివాలయానికి తీసుకెళ్లి నిలబడి చేయించేవాళ్లు లేకే ఆగిపోతాయి. చదువుకున్న అమ్మాయిలకి ఈ పని అప్పగించండి. పెద్దలు ఇంట్లో దెబ్బలు తింటున్నారని అనుమానం వస్తే 14567కి ఫోన్ చేయొచ్చు.

ప్రార్థన

అడిగి చేయండి. హిందువుల ఇంట్లో వద్దంటే మౌనంగా పని చేసి రండి. సంచిలో కరపత్రాలు ఉండకూడదు. గుడికి వస్తే బియ్యం ఇస్తాం అనే మాట నోట రాకూడదు, ఆ అర్థం వచ్చే చూపు కూడా. యాకోబు తన పత్రిక 2వ అధ్యాయంలో అన్నది, ఆకలితో ఉన్నవాళ్లకి ఏమీ ఇవ్వకుండా "సమాధానముగా వెళ్లుడి" అంటే ఏం ప్రయోజనమని. అన్నం పెట్టి లెక్క అడగమని కాదు.

ఇంకోటి కటువుగా చెప్పాలి. "ప్రార్థన చేశాం, ఇక బిళ్లలు మానెయ్యి" అన్న సభ్యురాలిని ఆ రోజే జత నుంచి తప్పించండి. ఆమె ఎంత భక్తురాలైనా సరే.

లెక్క, ఫొటో

రోగి చేతికి డబ్బు ఇవ్వొద్దు. మందుల షాపులో, కిరాణాలో మీరే కట్టి రసీదు పుస్తకంలో అంటించండి. రెండు సంతకాలు లేకుండా రూపాయి బయటికి రాకూడదు, ఆ రెండూ ఒకే ఇంటివి కాకూడదు. ఫొటోలు వద్దు. సంఘం వాట్సాప్‌లో పెట్టడానికి బియ్యం మూటతో రోగిని నిలబెడితే, పక్క వీధిలో నిజంగా అవసరం ఉన్న ఇల్లు తలుపు వేసుకుంటుంది. పుస్తకంలో నాలుగు గడులు చాలు: తేదీ, ఎవరు వెళ్లారు, ఏం కనిపించింది, వచ్చేసారి ఏం చేయాలి. "బాగున్నారు" అని రాస్తే ఒప్పుకోకండి. "ఎడమ మడమ ఎర్రగా ఉంది, రూపాయి బిళ్లంత" అని రాయించండి.

తుఫాను నెలలు

2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో కరెంటు, రోడ్లు రోజుల తరబడి లేవు. హెచ్చరిక వచ్చిన రోజే డయాలసిస్ రోగుల్ని కేంద్రం ఉన్న ఊరికి చేర్చాలి. గాలి మొదలయ్యాక కొబ్బరిచెట్లు రోడ్డుకి అడ్డం పడితే అంబులెన్సు కదలదు. సెప్టెంబర్‌లోనే ఏ రోగిని ఏ బంధువు ఇంటికి, ఎవరి ఆటోలో పంపాలో రాసి పెట్టుకోండి. మంచం పట్టినవాళ్లని పెంకుటింట్లోంచి గుడికో స్కూలుకో మార్చేటప్పుడు వారం మందులు, ఆ కాగితాల కవరు, మూడు చీర ముక్కలు, ఒక దిండు వెంట వెళ్లాలి. శిబిరంలో గచ్చు మీద ఒక్క రాత్రి పడుకోబెడితే నెల రోజుల శ్రమ పుండై తేలుతుంది.

రోగి చనిపోతే జత వెంటనే ఇంకో ఇంటికి మారిపోవద్దు. ఏళ్ల తరబడి రాత్రిళ్లు మేల్కొన్న కూతురో కోడలో పక్కన కూర్చునే మనిషి లేక ఒక్కసారిగా ఖాళీ అయిపోతుంది. ఇంకో నాలుగు వారాలు అదే వేళకి వెళ్లండి. బొంత, నైటీలు ఆమె తనంతట తానిస్తేనే తీసుకోండి. మరిగే నీళ్లలో నానబెట్టి ఉతికి, రెండు ఎండలు పడ్డాక సంచిలో పెట్టండి.